నూట పన్నెండో పేజీ

కరెంటు బిల్లు రసీదు కోసం
బీరువా పక్క చెక్క అరలు దులిపాను.
టైపు లోయర్ పుస్తకం, మూడేళ్ళ పంచాంగాలు,
ఎవరిదో పెళ్ళి శుభలేఖ,
వాటి వెనక గోడకి అంటుకుని
అరచేతంత డిటెక్టివ్ నవల.

అట్ట మీద నెత్తురు ఇంకా ఎర్రగానే ఉంది.
కత్తి పట్టుకున్న చేతికి గాజులు.
లోపల ఊదారంగు ముద్ర:
శ్రీ లలితా అద్దె పుస్తకాల షాపు, అరండల్‌పేట,
రోజుకి పావలా.
తిరిగివ్వాల్సింది తొంభై ఒకటి, మే నెలలో.
లెక్క వెయ్యలేదు. వేస్తే అదో కేసు.

నేల మీదే కూలబడ్డాను, చీపురు ఒళ్ళోనే ఉంది.
రైసుమిల్లు ఓనరు మూడో పేజీలో పోయాడు.
డిటెక్టివ్ దిగాడు.
గుంటూరు ఎండలో కోటు విప్పడు,
చెమట పట్టదు, మంచినీళ్ళడగడు.
నవ్వుకున్నాను గానీ
పేజీ తిప్పడం ఆపలేదు.

నేను జిల్లా కోర్టులో బెంచి క్లర్కుని.
ఇరవై రెండేళ్ళుగా హత్యలు నా బల్ల మీదుగానే వెళ్తాయి
నంబర్లేసుకుని, ట్యాగు కట్టుకుని.
చూసినవాడు బోనెక్కి చూడలేదంటాడు.
వాయిదా. మళ్ళీ వాయిదా.
కత్తి తుప్పు పడుతుంది, సంచి మీద చీటీ ఊడిపోతుంది,
మనవరాలు పుట్టిందని ముద్దాయి
వరండాలో స్వీట్లు పంచుతాడు.
ఇక్కడ నూట పన్నెండు పేజీలే.
నిజం తేలి తీరాలి, కాగితం అయిపోతుంది మరి.

ముప్పై నాలుగో పేజీలో ఆగాను.
అంచున పెన్సిలు రాత:
"వంటమనిషి అంకమ్మే. ఖాయం."
కింద రెండు గీతలు.
ఆ వంకర 'ఖ' నాదే.
పదిహేనేళ్ళప్పటి నాది.

సాక్ష్యమేమిటే పిల్లా?
వెనక్కి తిప్పి వెతికాను.
అంకమ్మ కాఫీ తెచ్చింది. తలుపు దగ్గర నిలబడింది.
అడిగినదానికి "తెలీదయ్యా" అంది.
మాసిన చీర అని ఒకచోట ఉంది.
ఇక అట్ట మీద గాజులంటావా,
అట్ట సాక్ష్యం ఏ కోర్టులోనూ చెల్లదు.

ఆ పైన ఎక్కడా పెన్సిలు లేదు.
తీర్పు చెప్పేశాక
ఇంకా చదవడం దేనికనుకుని ఉంటాను.

దీపాల వేళకి చివరి పేజీ.
కోటాయన అందర్నీ హాల్లో కూర్చోబెట్టి
గొంతు సవరించుకుని
"ఆ హంతకుడు మరెవరో కాదు" అన్నాడు.
ఆ తర్వాత చెదలు.
పేరుండాల్సిన చోట చిల్లు,
చిల్లులోంచి వెనకట్ట మీది తలనూనె ప్రకటన,
నల్లగా ఒక జడ.

హంతకుడు అన్నాడు. 'డు' అన్నాడు.
ఆ ఒక్క అక్షరం పట్టుకుని
అంకమ్మని విడుదల చెయ్యొచ్చా?
ఆడవాళ్ళకీ ఆ మాటే వాడతారు మా రికార్డుల్లో.

రసీదు దొరకలేదు.
డ్రాయర్లో రబ్బరు దొరికింది.
ముప్పై నాలుగో పేజీ చెరిపాను, పొట్టు ఊదేశాను.
ఆ రోజుల్లో బాగా నొక్కి రాసేదాన్ని.
లైటుకి ఎదురుగా పెడితే
ఇంకా చదవొచ్చు.