అర్విడ్ ఇంటికొచ్చేదాకా

చీటీ మీద వెన్న మరక ఒకటి,
దాని కింద అమ్మమ్మ హిల్యా చేతిరాత.
ఎముకతో ఉన్న గొడ్డుమాంసం రెండు పౌన్లు,
బంగాళదుంపలు ఆరు, క్యారెట్లు నాలుగు,
రుటబేగా దుంప ఒకటి, మరీ పెద్దది వద్దు,
ఆల్‌స్పైస్ గింజలు పది. పదకొండు కాదు.
అంతవరకూ కొట్టువాడి పద్దులా ఉంది.
ఎంతసేపు ఉడకాలి అన్నచోట మాత్రం
గంటల్లేవు, నిమిషాల్లేవు.
"అర్విడ్ ఇంటికొచ్చేదాకా" అని రాసింది.

తాతయ్యది రాగి గనిలో పని.
కొన్నాళ్ళు నాలుగింటికి పైకొచ్చేవాడు,
కొన్నాళ్ళు అర్ధరాత్రి.
ఒక్కసారి, పంపు చెడి సొరంగంలో నీళ్ళు నిండినప్పుడు,
మూడో రోజు తెల్లవారుజామున.
ఆ మూడు రోజులూ అమ్మమ్మ పొయ్యి ఆర్పలేదట.
నీళ్ళు తగ్గితే పోయడం, మళ్ళీ పోయడం.
దుంపలు కరిగి, మాంసం కరిగి
గరిటెకు ఏదీ తగలని ఆ చారుని
బూట్లయినా విప్పకుండా
నిలబడే తాగాడట తాతయ్య.
బాగుందన్నాడో లేదో
ఎవరూ చెప్పలేదు నాకు.

మొయక్క అంటాం దీన్ని మేం.
ఫిన్లండ్ నుంచి ఒక వేసవిలో వచ్చిన చుట్టం
"ఇదేం మాట? మా దగ్గర లేదే" అంది.
మూడో గిన్నె తర్వాత ఆ ఊసెత్తలేదు.

గని మూతపడి యాభై ఏళ్ళు దాటింది.
నేను స్కూలు బస్సు నడుపుతాను.
నాలుగున్నరకి లేచి, కళ్ళు సగమే తెరిచి
అన్నీ తరిగి స్లో కుక్కర్లో పడేస్తాను.
దాని మీటకి వచ్చినవి మూడే మాటలు:
సన్నసెగ, పెద్దసెగ, వెచ్చన.
మూడోది వంట కాదు.
ఇంకా ఎవరో రావాలని.

మా తమ్ముడు రైనో మంచు తోసే లారీ తోల్తాడు.
సరస్సు మీద మబ్బు పట్టిందా,
ఎప్పుడొస్తాడో వాడికే తెలీదు.

మొన్న ఫిబ్రవరిలో, బడికి సెలవిచ్చిన రోజు,
ఉడకడం మొదలైన అయిదో గంటలో
కరెంటు పోయింది.
మూత మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాను.
పిల్లల నుదురైతే
చల్లబడుతున్నందుకు సంతోషించేదాన్ని.

ఈ రోడ్డుమీద కట్టెల పొయ్యి ఉన్నది
డోరీన్ ట్రెవారో ఒక్కదానికే.
ఆవిడకీ నాకూ రెండేళ్ళుగా మాటల్లేవు.
బస్సు వెనక్కి తీస్తూ వాళ్ళ పోస్టు డబ్బా పడగొట్టాను.
కొత్తది కొనిచ్చాను. రంగు అది కాదంది.

కుండని తువ్వాలులో చుట్టి
కారు ముందుసీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను.
అరమైలు. నడిచే వేగమే.
తలుపు తీసింది. నన్ను చూడలేదు, చేతుల్లోకి చూసింది.
"పింగాణీది పొయ్యి మీద పెడితే పగుల్తుంది. ఆమాత్రం తెలీదూ?"
రెండేళ్ళ తర్వాత మొదటి మాట అది.
తన ఇనప బానలోకి వంచింది.
వాసన చూసింది.
"రుటబేగా ఎక్కువైంది."
నిజమే. ఆ రోజు దొరికింది పెద్దదే.

ఇక చేసేదేముంది?
ఉడికేదాకా ఆగినవాళ్ళం
ఉమ్మగిల్లేదాకా ఆగలేమా అని
చెరో కుర్చీలో కూర్చున్నాం.
ఆవిడ కట్టె వేస్తే నేను కలిపాను.
నేను వేయబోతే వద్దంది, అది తడి కట్టె.
చీకటి పడింది. కిటికీ అంచుదాకా మంచు.
పోస్టు డబ్బా సంగతి ఎవరూ ఎత్తలేదు.

మా తలుపు మీద రైనోకి చీటీ అంటించి వచ్చాను:
"మొయక్క ట్రెవారో వాళ్ళింట్లో ఉంది."
నేనెక్కడున్నానో రాయడం మర్చిపోయాను.
అయినా వచ్చాడు. పసుపు దీపం గోడమీద తిరుగుతుంటే
ముందు ఆవిడ వాకిలంతా తోశాడు,
డబ్బా దగ్గర బ్లేడు పైకెత్తి మరీ.
లోపలికొచ్చి, నిలబడే గిన్నె అందుకోబోయాడు.
"బూట్లు విప్పు" అంది డోరీన్.
విప్పాడు. కూర్చున్నాడు.
మేజోడుకి చిల్లు. ముగ్గురం చూశాం.

బయల్దేరుతుంటే పాత బిల్లు వెనక
ఒక్కొక్కటే అడిగి రాసుకుంది డోరీన్.
దుంప చిన్నదే అని రెండుసార్లు గీత కొట్టుకుంది.
"ఎన్ని గంటలని రాయను?"
గోడ గడియారం వంక చూశాను.
అదీ కరెంటుదే.
పదికి పది నిమిషాల ముందు
ఆగిపోయి ఉంది.