చల్ల కదిలిన రోజు

"కడుపులో చల్ల కదలకుండా బతుకు తల్లీ" అని
పెళ్ళిలో ఒకావిడ అక్షింతలు వేసింది.
ఆవిడ పేరు గుర్తులేదు. దీవెన మాత్రం
యాభై రెండో ఏట, లీడ్స్ బస్ డిపోలో
అక్షరాలా ఫలించింది.
నాలుగు రోజులైంది, ఏదీ కదల్లేదు.

బస్సు తోలేవాళ్ళకి ఇది వృత్తిధర్మం.
తెల్లారి నాలుగూ యాభైకి ఇంజన్ వెచ్చబెట్టాక
పేగు పిలిస్తే
తర్వాత, అంటాం.
స్టాపులో ముసలాయన చిల్లర లెక్కపెడుతుంటాడు,
తర్వాత.
రింగురోడ్డు మీద లారీ అడ్డం తిరిగింది,
తర్వాత.
మూడుసార్లు చూసి పేగు పిలవడం మానేస్తుంది
అలిగిన వియ్యపురాలిలా.
నీళ్ళు తాగం.
తాగితే దిగాలి. దిగితే లేటు.

నోటీసు బోర్డు మీద, దొరికిన గొడుగుల జాబితా పక్కన
యూనివర్సిటీ వాళ్ళ కాగితం:
మలబద్ధకం ఉన్న పెద్దలు కావలెను.
కావలెనట!
ఇన్నేళ్ళలో ఈ ఊరు నన్ను
ఇంత స్పష్టంగా ఎప్పుడూ కోరుకోలేదు.

మోయిరా అనే నర్సు ఒక అట్ట చూపించింది.
గట్టి గోలీల నుంచి పల్చటి జావ దాకా ఏడు బొమ్మలు.
నీది ఏది? అంది.
పెళ్ళిచూపుల్లోలా తలొంచుకుని
మొదటి బొమ్మ మీద వేలు పెట్టాను.

రెండు పెట్టెలు, ఆరేసి వారాలు.
ఒకదాంట్లో ఉత్త పొడి, ఒకదాంట్లో చికోరీ వేరు పీచు.
ఏది ఏదో తనకీ తెలియదంది.
చికోరీ!
"ఎనభైకి ఇరవై అన్నావు, నలభై కలిపావురా దొంగా" అని
కాఫీపొడి కొట్టు ముందు మా మేనమామ
బజారంతా వినేలా అరిచిన మాట అది.

ఆ పీచు నీకు అరగదు, అంది మోయిరా.
అసలది నీ కోసం కాదు.
పెద్దపేగులో కాపురముండే కోట్లమందికి.
వాళ్ళు దాన్ని పులియబెట్టుకు తింటారు,
బదులుగా కాస్త పులుపు వదుల్తారు,
పేగు గోడకి అదే తిండి.
అద్దె అనుకో.

పొట్ట చేత పట్టుకుని ఒక్కదాన్నే వచ్చాననుకున్నాను
ఇన్నాళ్ళూ.
ఒక ఊరిని మోసుకొచ్చి
తెల్ల రొట్టెలతో, చిప్స్ పొట్లాలతో
పస్తులు పడుకోబెట్టానని తెలీదు.

మొదటి పెట్టె తాగినన్నాళ్ళూ
బ్రహ్మాండం, బ్రహ్మాండం అని డైరీలో రాశాను.
రెండో పెట్టె మూడో రోజు
హెడింగ్లీ సిగ్నల్ దగ్గర
నా కడుపు బస్సుకన్నా గట్టిగా ఉరిమింది.
వెనకసీటు కుర్రాడు హెడ్‌ఫోన్ తీసి చూశాడు.
ఉబ్బరం. గాలి.
జనవరి చలిలో కిటికీ తెరిచాను.
ఆ రూటు ప్రయాణికులారా, క్షమించండి,
నంబరు చెప్పను.

సగం పొట్లంతో మొదలెట్టు, నీళ్ళు తాగు,
కొత్త వంట వాళ్ళకి అలవాటవ్వాలిగా, అంది మోయిరా ఫోన్లో.
నీళ్ళంటే, దిగాలి.
కంట్రోలర్ డెరెక్‌తో మూడు పూటలు పోట్లాడి
చివరి స్టాపులో ఏడు నిమిషాలు సంపాదించాను.
దేనికి? అన్నాడు.
ఉన్నమాట చెప్పాను.
చెవులదాకా ఎర్రబడి సంతకం పెట్టాడు.

మార్చిలో కవరు విప్పారు.
బ్రహ్మాండమని రాసుకున్నది ఉత్త పొడిని.
ఉరిమిందే అసలు చికోరీ.
వారానికి మూడుసార్లు వెళ్ళేదాన్ని
నాలుగున్నరకి చేరానట, సగటున.
ఆ అర ఎలా వెళతారో అడగలేదు.
లోపలివాళ్ళలో ఒక జాతి బాగా పెరిగిందట,
దాని పేరుకి నా నోరు తిరగలేదు.
మిగతావాళ్ళు ఉన్నట్టే ఉన్నారు.
అంతే. అద్భుతమేం కాదు.
అందులో పీచు వాటా ఎంత, నీళ్ళ వాటా ఎంత,
ఆ ఏడు నిమిషాల వాటా ఎంతో
మోయిరా కాగితాల్లో లేదు.

పొట్లాలు అయిపోయాయి.
రాత్రిళ్ళు ఉల్లిపాయ తరుగుతూ
ఇంకో రెండు తీస్తాను, వెల్లుల్లి నాలుగు రెబ్బలు ఎక్కువేస్తాను.
ఎవరొస్తున్నారు భోజనానికి? అంటుంది పక్క గదిలో ఉండే ఒల్వెన్.
వచ్చే ఉన్నారు, అంటాను.

ఇవాళ చివరి స్టాపులో, వానలో,
పేగు పిలిచింది.
మెట్టు మీద ఒక కాలు పెట్టి ఎవరో అడిగారు
బయల్దేరుతుందా?
తర్వాత, అన్నాను,
హ్యాండ్‌బ్రేక్ లాగి.