యాభై మాటలు

పత్తికొండలో మా స్టూడియో షట్టరు సగం దించి
రాత్రి పదిన్నరకు కూచుంటాను అప్‌లోడు చేయడానికి.
కాళ్ళ కింద పాస్‌పోర్టు ఫోటోల కత్తిరింపులు,
చెవులూ భుజాలూ, ఎవరివో.

ఫోటో ఎక్కింది.
అంతవరకే నా కంటి పని.
ఇంక సైటు మాటలు అడుగుతాది,
యాభైకి మించకుండా, ముఖ్యమైనవి ముందు.

దానికి కండ్లు లేవని తెలుసుకునేదానికి
నాకు రెండేండ్లు పట్టింది.
టమోటా మార్కెట్లో గంపకేసి చూడకుండా
చీటీ చదివి పాట పాడే గుమాస్తా లాంటిది.
ఎక్కడో ఎవరో ఒక మాట కొడతారు.
ఆ మాట కింద రాసుకున్న నంబర్లన్నీ లేచి వస్తాయి,
ఎక్కువమంది వేలు పడినవి ముందర,
నావి బస్సు టాపు మీద మూటల మాదిరి
అందరూ దిగినాక.
ఎంత బాగా తీసినా సరే
మాట లేకపోతే ఫోటో లేదు.

ఇది జొన్నగిరి పొలాల్లో, తొలకరి పడిన మర్నాడు.
యూరియా సంచి గొప్పె వేసుకుని
నడుము రెండుగా మడిచి
ఎర్రమట్టిలో వజ్రం వెతుకుతాంది సుంకులమ్మ.
మొహం కనపడదు. వీపు, చేయి, నేల.
"ఏం చూసి వెతుకుతావమ్మా?" అని అడిగినా ఆ పొద్దు.
"చూస్తే తెలుస్తాది. ముందే తెలిసుంటే వెతికేదెందుకు?"

స్త్రీ అని రాసినా. వాన. మట్టి.
పొలం అన్నాక రైతు అని రాయాల్సొచ్చింది.
ఆమె రైతు కాదు, ఆ చేను ఆమెది కాదు,
కానీ కొనేవాళ్ళు రైతనే కొడతారు.
పేదరికం. ఇది బాగా పోతాది.
ఆశ అని రాసి, కాసేపు దానికల్లే చూసి, ఉండనిచ్చినా.
వజ్రం అని రాస్తే
మఖమల్ మీద కూచున్న రెండు లక్షల ఉంగరాల వెనక
యాన్నో నాలుగువేల పేజీలో మా సుంకులమ్మ.
అన్నీ ఇంగ్లీషులోనే.
తొలకరి అని మన అక్షరాల్లో కొట్టి చూస్తినా,
ఫలితాలు సున్నా,
స్పెల్లింగు సరిచూసుకోమంది.

ముందొకసారి ఆశకు పోయి
గడ్డివాము ఫోటోకు క్రికెట్టు, దీపావళి, పెండ్లి తగిలించినా.
సంబంధం లేని మాటలని ఫోటోనే పీకేసినారు.
అంటే చూసేవాడు కూడా ఒకడు ఉండాడన్నమాట, ఏదో ఒక మూల.
అప్పటినుంచి జాగ్రత్త.
ఈ రాత్రి ఇంకా ఒక ఖాళీ మిగిలింది,
నిద్రమబ్బులో నడుమునొప్పి అని కొట్టి పడుకున్నా.

అదే అమ్ముడుపోయింది.
నా వాటా ఇరవై ఆరు రూపాయలు.
మూడు నెలలకు బస్టాండు మెడికల్ షాపు గోడ మీద
తైలం సీసా పక్కన, మనిషెత్తున,
ఆ వీపు.

దస్తగిరి పోయి చెప్పినాడంట.
మరుసట్రోజే వచ్చింది, గొడవకేమో అనుకున్నా.
రవిక అతుకును బట్టి గుర్తుపట్టిందంట,
తన వీపు తాను చూసుకునేది ఇదే మొదలంట.
"నొప్పి మాట నిజమేలే" అని నవ్వి
పదమూడు రూపాయలు లెక్కపెట్టి కొంగున కట్టుకుని
అసలు ఫోటో చూపించమంది.

కంప్యూటర్ ముందు వంగింది, అదే వంపు.
తనను తాను చూసుకోలేదు.
తెరకు ముక్కు ఆనించి నేలను చూస్తాంది,
కుడిచేతి పక్క, కంది కొయ్యకాలు దగ్గర.
"ఈడ మెరుస్తాంది జూడు. పెద్దది చెయ్యి."
చేసినా. ఇంకా అంది. ఇంకా చేసినా.
మెరుపు గళ్ళు గళ్ళుగా విడిపోయింది,
తెలుపు, బూడిద, ఎరుపు.
"ఆ పొద్దు నాకు కనపడకపాయెనే.
యాడ నిలబడి తీస్తివబ్బీ? ఎవరి చేను ఇది?"

యాభై మాటలూ పైకీ కిందికీ జరిపి చూసినా.
రైతు ఉండాడు, ఆశ ఉండాది, నడుమునొప్పి ఉండాది.
చేను ఎవరిదో
రాయలేదు.