శీర్షిక కింద గీత పొట్టిది

నల్ల తెర మీద ఫైలు పేరు కొట్టి ఎంటర్ నొక్కాను.
భీమవరంలో, రొయ్యల మేత కొట్టు మీద మా ఆఫీసు.
కింద బస్తాలు దించుతున్నారు,
చేపపొడి వాసన మెట్లెక్కి వచ్చి
పక్క కుర్చీలో కూచుంది.

తనిఖీ మొదలైంది, అయిపోయింది.

పధ్నాలుగో వరస: తెరిచిన బ్రాకెట్టు మూయలేదు.
ఇరవై రెండు: శీర్షిక కింద గీత పొట్టిది.
నలభై ఒకటి: జాబితా ముందు ఖాళీ వరస లేదు.

బాగుందనదు, బాగోలేదనదు.
చెరువు నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే మీటరుకి
నాలుగు నెలలు కూచుని రాశాను ఈ వాడుక పుస్తకం.
దానికి కావలసిందల్లా
అక్షరాలెంత పొడుగో గీతా అంత పొడుగుందా అని.

మొదట్లో ఒళ్ళు మండేది.
తర్వాత తట్టింది, ఈ గొంతు నేనెరిగిందే.

సువార్తమ్మ పెద్దమ్మ.
నరసాపురంలో లేసు షెడ్డులో చెకింగు పని.
లంకల నుంచి ఆడవాళ్ళు పాత చీరముక్కల్లో చుట్టి తెచ్చిన గుడ్డల్ని
ఒళ్ళో పరిచి, చూపు కిటికీ బయట పారేసి,
వేలొక్కటీ నడిపేది.
వేలు ఆగేది.
"ఏడో వరస. మూడో కన్ను. జారింది."
పువ్వెంత ముద్దుగా విచ్చుకుందో చెప్పేది కాదు.
ఎవరి పిల్లకి జ్వరమో,
ఏ వానరాత్రి కిరసనాయిలు బుడ్డి కింద అల్లారో
ఆ వేలికి అక్కర్లేదు.
తప్పు లేకపోతే మడిచి పక్కన పెట్టేది,
మాట ఉండదు.
ఆ మాట లేకపోవడం కోసమే
వాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడేవారు.

బ్రాకెట్టు మూశాను. గీతని మూడు చుక్కలంత సాగదీశాను.
మళ్ళీ ఎంటర్.
ఏమీ రాలేదు.
ఖాళీ వరసలో కర్సరు కళ్ళార్పుతోంది.
మడిచి పక్కన పెట్టారన్నమాట!
ఆ సాయంత్రం కింద కొట్టుకెళ్ళి
ఇద్దరికి సరిపడా పునుగులు ఒక్కదాన్నే తిన్నాను.

పన్నెండో రోజు, తెల్లవారుజామున నాలుగింటికి ఫోను.
కాళీపట్నం చెరువుల మీంచి కొల్లాటి పెద్దిరాజు.
"అమ్మా, పుస్తకంలో ఉన్నట్టే ముంచాను.
మీటరు అయిదు చూపిస్తోంది.
రొయ్య గట్టుకొచ్చి మూతులాడిస్తోంది."
వెనక డీజిలింజను ఎత్తుకోలేక దగ్గుతోంది.
ఎక్కడ ముంచారండీ?
"ఏరేటరు పక్కనే, పైపైన.
ముంచమనేగా రాశారు?"

అరవై మూడో వరస.
తెరిచినవన్నీ మూసే ఉన్నాయి, గీతలన్నీ సరిపోయాయి.
మీటరును నీళ్ళలో ముంచండి.
ఎంత లోతో రాయలేదు.
రొయ్య నేల మీద బతుకుతుందని
ఆ పుస్తకానికి ఎవరూ చెప్పలేదు, నాతో సహా.

సగం చెరువు పోయింది.
ఆయన తిట్టలేదు, అదే నన్ను పడుకోనివ్వలేదు.

ఆదివారం ప్రార్థనయ్యాక పెద్దమ్మనడిగాను:
ఒక్క ముడీ తప్పకుండా గుడ్డ తప్పయిన రోజుందా?
బోసినోటితో నవ్వింది.
"ఉండకేం.
వాళ్ళు గుండ్రంవి అడిగితే నూటయాభై
నలుచదరంవి పంపాం ఓసారి.
ఒక్క కన్ను జారలేదు. అన్నీ నేను చూసినవే."

సోమవారం రాశాను:
ఏరేటరుకు దూరంగా, తెల్లవారకముందు,
మీటరు నేలకు జానెడు ఎత్తున ఆగేదాకా దించండి.
ఎంటర్.
అరవై నాలుగో వరస: ముందు రెండు ఖాళీలు తక్కువ.
నిజమే. జరిపాను.
తెర మౌనంగా ఉంది.
ఈసారి పునుగులు తెచ్చుకోలేదు.

అచ్చు తీసి, మొగల్తూరు బస్సెక్కి,
ఎండలో గట్టు మీద ఆయన చేతికిచ్చాను.
సున్నం అంటిన వేలు వరస వెంట నెమ్మదిగా నడిచింది,
పెదవులు కదుపుతూ చదివాడు.
అరవై నాలుగు దగ్గర వేలు ఆగింది.

"జానెడంటే
నీ జానా, నా జానా?"