నలభై మూడు రికార్డులు

వూచ్ నగరం. మూతపడ్డ నూలుమిల్లు, నాలుగో అంతస్తు.
లిఫ్టు పోయిన చలికాలమే చచ్చింది.
బోగుమీవ్ రెండు పెట్టెలూ మోసుకొస్తాడు
మెట్టుమెట్టుకీ తన తుంటిని తిట్టుకుంటూ.

నేను కోట్లు దాచే గదిలో టోకెన్లు ఇస్తాను.
అన్నీ కనబడతాయి అక్కణ్ణించి.

ఒలీవ్కా మెడలో పెన్‌డ్రైవు, తాయెత్తులా.
అందులో లక్ష పాటలు, అన్నీ కలిపి
ఒక చెవిపోగు బరువు.
"ఇంకా ఎందుకయ్యా ఈ కూలిపని?" అంది.

అతను వాదించలేదు.
పాత సైకిలు ట్యూబులతో బల్లను వేలాడగట్టాడు,
జనం గెంతితే ముల్లు ఎగరకుండా.

అయినా ఎగిరింది, పన్నెండున్నరకి.
పాట గాడి తప్పింది.
రెండొందల మంది ఒంటికాలి మీద ఆగిపోయారు,
నేనూ ఆగాను, ఎవరిదో తడికోటు చేతిలో.
అతను వేలితో అంచును నిమిరాడు,
నిద్రలో ఉలిక్కిపడ్డ పిల్లను జోకొట్టినట్టు.
హాలంతా ఒక్కసారి కేకేసింది.

ఒలీవ్కా పెట్టినప్పుడు ఏదీ ఆగలేదు.
నా కాళ్లూ ఆగలేదు, అబద్ధమెందుకు?

"ఎన్ని తెచ్చావు?"
"నలభై మూడు."
"అవి అయిపోతే?"
"ఇంటికి పోతా."

ఆమె తాయెత్తు తడుముకుంది.
దాంట్లో ఆఖరి పాట ఏదో
ఆమెకి తెలీదనుకుంటా.

నాలుగింటికి, దిగేటప్పుడు,
రెండో పెట్టె ఆమె ఎత్తుకుంది.
మూడో అంతస్తులో దించి,
అరచేతులు చూసుకుని,
"అమ్మో" అంది.
మళ్లీ ఎత్తింది.