నున్, నూన్

శ్రీసిటీలో నా ఉద్యోగం
ఆయన నోటి మాటను
లైను మీది ఆడపిల్లల దాకా మోసుకుపోవడం.
పేరు చూ సార్.
తనిఖీ సెక్షన్ పెద్దకి
పేరే ‘చూ’ అని మొదట్లో నవ్వుకునేవాళ్ళం.

ఒకరోజు క్యాంటీన్లో, సాంబారన్నం చల్లారిపోతుంటే
బల్ల మీద నీళ్ళవేలితో ఒక అక్షరం గీశాడు.
పైనొక మూల, కిందొక మూల,
నడుమ చిన్న కాలున్న అడ్డగీత.
‘నున్ అంటే కన్ను.
కాస్త సాగదీస్తే నూన్, మంచు.
ఇప్పటి పిల్లలు సాగదీయరు.
మా నాయనమ్మ సాగదీసేది.
ఆ సాగిన చోటే కురిసేది.’

మా బళ్ళో కూడా అంతే సార్ అన్నాను,
పడేవాడికి ఒక దీర్ఘమిస్తే
పాడేవాడైపోతాడు.
మరి రెండిటికీ వేరొకటేనా?

వేరు వేరేనంట.
నిఘంటువులో పక్కపక్క ఇళ్ళే, చుట్టరికం లేదు.
కొమ్మ మీది మొగ్గా నున్నే, వల గడీ నున్నే,
అవి మాత్రం కంటి కడుపున పుట్టినవే కావచ్చు,
ఎవరు చూడొచ్చారని
అరచేత్తో బల్ల తుడిచేశాడు.

ఆదివారం ఐరాల దగ్గర మా చేనికి పిలుచుకుపోయినా.
నాయన గొంతుక్కూచోని చెరుకు ముచ్చెలు నాటుతుండాడు.
చూ సార్ ఒంగి, కణుపు మీది ఉబ్బును
బొటనవేలితో తాకి ‘నున్’ అన్నాడు.
‘ఆ, కన్నే’ అన్నాడు నాయన తలెత్తకుండా.
‘పక్కకు తిప్పి పెట్టమను.
కన్ను కిందికైతే మొలక కనదు.’

నడుమ నేను, పని లేని దుబాసీని.
చూడ్డానికీ పుట్టించడానికీ
మాకు కనడం ఒకటే మాటని
ఆయన భాషలో ఎట్లా చెప్పాలో వెతుక్కునేలోపు
వాళ్ళిద్దరూ రెండు సాళ్ళు దాటిపోయినారు.

సాయంత్రం బెల్లం పొయ్యి కాడ
ఫోన్లో వాళ్ళూరు చూపించాడు నాయనకి.
పైకప్పుల మీద, సైకిలు సీటు మీద, తెల్లగా.
‘మంచా? మార్గశిరంలో మాకూ పడతాది’ అన్నాడు నాయన.
ఆ మంచు వేరు, ఈ మంచు వేరు.
ఈసారి ఇరుకైంది మా మాటే.
దాన్ని తొక్కి నాలుగు చలికాలాలయిందంట ఆయన.

కళ్ళు తుడుచుకుంటూ ‘నున్‌ముల్’ అన్నాడు.
ముల్ అంటే నీళ్ళు.
ముందు మాటను సాగదీశాడో లేదో
పాకం ఉడుకుతున్న చప్పుడులో
సరిగా వినపడలేదు.

ఏమంటాడు? అన్నట్టు నాయన నా దిక్కు చూశాడు.

‘పొగ’ అన్నాను.