రెండో గంట

సిరొంచల నైట్ హాల్ట్.
గేడాం డ్రైవర్ బస్సు టాపు మీద పరుపు ఏసిండు,
ఇంజను ఇంకా వేడి వేడి ఊపిరి ఇడుస్తాంది.
టికెట్ మిషన్‌కు చార్జింగ్ పెట్టి
చిల్లర సంచి తలకింద పెట్టుకొని పండేటోణ్ణి
ఇరవై రెండేండ్ల సంది.
ఇయ్యాల ఏటికి దిగిన.

ప్రాణహిత ఒడ్డు. చేతుల ఎదురు కట్టె,
కట్టెకు తంగూసు,
తంగూసుకు తెగిన రబ్బరు చెప్పు ముక్క బెండు.
బరువుకు సీసం దొరకలే,
బస్సుకు ఊడిన నట్టు కట్టిన.
"సర్కారు సామాను" అన్నడు గేడాం,
"పోగొట్టినవంటే జీతంల కోస్తరు."

మొదటిసారి ఇసిరితే
గాలం నా ఖాకీ అంగీ కాలరుకే తగిలింది.
పోసుబాయి మనుమడు విలాస్
ఇసుకల పొర్లి పొర్లి నవ్విండు.
పోసుబాయి నవ్వలే.
సుట్ట ఈ దవుడ నుంచి ఆ దవుడకు మార్చింది.
ఆమెకు కట్టె లేదు, బెండు లేదు,
చూపుడు వేలుకు చుట్టిన దారం ఒక్కటే.

"ఏం గుచ్చినవ్?"
"పిండి ముద్ద."
"గది బొచ్చెలకు. వాలుగకు ఉపాసమా, పిండి తినెతందుకు?"
డబ్బా మూత తీసింది.
రెండు దినాలు ఎండల మురిగిన కోడి పేగులు.
నా కడుపుల అన్నం పైకొచ్చింది.
"గింత కంపుంటెనే దానికి కబురు పోతది బిడ్డా.
అడుగున చీకటి. కండ్లు దేనికి అక్కరకొస్తయి?
అది మీసాలతోని వింటది."

కూసున్నం.
అవతలి ఒడ్డు దీపాలు నీళ్లల్ల పొడుగు పొడుగు సాగినయి.
నా మిషన్‌ల ఆ ఒడ్డుకు స్టేజీ లేదు.

అప్పుడు గుంజింది.
ఒక్కసారి.
ఒక్క గంటంటే ఆపుమని.
ఆగిన.
మల్ల రెండు, ఎంటెంటనే.
రెండు గంటలంటే పోనియ్యుమని.
లేపిన.
ఉత్త గాలం. పేగు లేదు.
నట్టు చుక్కలల్ల ఊగుతాంది.

"టుక్కు టుక్కు అనేటియి జెల్లలు" అన్నది పోసుబాయి.
"కొసలు కొరుక్క తినిపోతయి.
వాలుగ గంట కొట్టదు. అది
బస్సెక్కే రకం కాదు, బస్సునే తోలుకపోయే రకం.
దారం పక్కకు నడుస్తది. నడవనియ్యి."
"ఎంతసేపు?"
"సుట్ట ఒక్క దమ్ము."

నాకు సుట్ట అలవాటు లేదు.
దారం నడిచినప్పుడు,
నడిరాత్రి దాటినంక,
ఎవలో చెయ్యి పట్టుకొని తీస్కపోతున్నంత నిమ్మలంగ నడిచినప్పుడు,
మనసుల స్టేజీలు చదివిన:
బామణి.
బేజూర్‌పల్లి.
జిమల్‌గట్ట…
రేపన్‌పల్లి దాకా ఓపిక పట్టలేకపోయిన.

కట్టె ఇల్లయింది. నా మోకాలు ఇసుకల దిగింది.
నీళ్లు ఒక్కచోట తెల్లగ పొంగి,
ఎడల్పాటి నోరు ఒకటి, కడుపు ఒకటి,
చూసిన్నో అనుకున్ననో,
ఫట్టుమని తంగూసు.
సర్కారు సామాను ఏటికి జమ.

"ఎంతుంటదే?" అనడిగిన.
"పోయింది ఎంతన్న ఉంటది" అన్నది పోసుబాయి.

తెల్లారగట్ల పడ్డది జెల్ల. జానెడు.
సంబురానికి గట్టిగ పట్టుకున్న.
దాని రెక్కల ముల్లు బొటనవేల్ల దిగి
నొప్పి మోచేతి దాక ఉరికింది.
"చేపను పట్టుడు గాలం పని,
ఇడిపిచ్చుడు మనిషి పని, అది నేర్సుకో ముందుగాల" అనుకుంట
సుట్ట నిప్పు నా వేలు దగ్గర పెట్టి
కాలకుంట, సెగ మాత్రం తాకేటట్టు,
శానసేపు పట్టుకున్నది.

ఆరున్నర బస్సు. అహేరి.
వాచిన వేలుతోని మీటలు నొక్కుతుంటే
ఒక టికెట్‌కు రెండు వస్తున్నయి.
గంప ఎత్తుకొని పోసుబాయి ఎక్కింది.
ముసలోళ్ల కార్డు, సున్న రూపాయల టికెట్.
ఇచ్చిన.
చదువరాని కాయితాన్ని ముక్కు కాడ పెట్టుకొని
"జెల్ల" అన్నది,
మడిచి సంచిల ఏసుకున్నది.

తాడు అందుకున్న.
ఒక గంట కొట్టిన.
అద్దంల గేడాం నా దిక్కే చూస్తాండు.
బస్సు నిండ మనుషులు,
ఎనక సీట్ల ఎవలో దగ్గుతాండ్రు,
గంపల ఏదో ఒక్కసారి తోక కొట్టింది.
రెండోది
ఇంకా కొట్టలే.